ఉద్దనపల్లి వాకిట్లో తొలివసంతం

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, హోసూరు నుంచి రాయకోటకు పోయే దారి మీద ఉన్న పల్లె ఉద్దనపల్లి. తెలుగు, కన్నడం, తమిళం ఒకే రచ్చబండ మీద వినిపించే మొరసునాడులో ఇదొక భాగం. ఈ ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఇంచుమించు ఫిబ్రవరి మొదటి నుంచి ఉగాది దాకా, ఇంటి ముంగిట, పెరట్లో, దొడ్లో, పొలం గట్టున కనిపించే మార్పులను తొలివసంత సూచనలు అనవచ్చు. చలి విరగడం, ఆకు రాలడం, చిగురు రావడం, మామిడి పూత పిందె కట్టడం, కోకిల మళ్లీ గొంతెత్తడం, చింతకాయ పండి ఇంటికి చేరడం వీటిలో ముఖ్యమైనవి.

ఇక్కడ వసంతం రాలిన ఆకుతో మొదలవుతుంది. దాన్ని అందరికంటే ముందు కనిపెట్టేది తెల్లవారకముందే పరక పట్టుకుని వాకిలి ఊడ్చే ఇల్లాలు. నిన్నటిదాకా రెండు దోసిళ్లకు మించని కసువు ఈ రోజు గంప నిండిందంటే కాలం తిరిగినట్టే. కల్లాపి చల్లి ముగ్గు పెట్టి లోపలికి వెళ్లేలోగా ముగ్గు మీద మళ్లీ నాలుగు ఆకులు పడి ఉంటాయి. ఈ పరిశీలనను ఎవరూ పుస్తకాలకు ఎక్కించలేదు గానీ, నా దృష్టిలో ఈ ప్రాంతపు రుతుశాస్త్రానికి మొదటి సాక్షి ఆ పరకే.

పంచాంగం లెక్క, పెరటి లెక్క

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత రుతువు. అది ఉగాదితో మొదలవుతుంది. అంతకుముందు రెండు నెలలూ, మాఘమూ ఫాల్గుణమూ, శిశిరం. ఇక్కడి తమిళుల లెక్కలో మాసి, పంగుని నెలలు పిన్‌పని కాలం, అంటే వెనకటి మంచు కాలం. ఏప్రిల్ నడుమ వచ్చే చిత్తిరై నుంచి వాళ్లకు ఇళవేనిల్, లేత ఎండల కాలం. భారత వాతావరణ శాఖ పట్టికలో వసంతానికి చోటే లేదు. జనవరి, ఫిబ్రవరి చలికాలం. మార్చి నుంచి మే వరకు రుతుపవనాలకు ముందటి వేసవి. ఉద్దనపల్లి మానులు మాత్రం ఈ మూడు లెక్కలకూ ఆగవు. పంచాంగ శ్రవణం నాటికి కానుగ కొత్త ఆకు ముదరడం మొదలయి ఉంటుంది. మామిడి పిందె ఊరగాయకు పనికొచ్చేంత ఎదుగుతూ ఉంటుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని తెలుగువాళ్లంతా అనుకునే మాట. కోస్తాలో అది చాలావరకు నిజం. హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ చలి కాస్త మొండిది. జనవరి రాత్రుల్లో వేడి 15 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. శివరాత్రి జాగారం చేసినవాళ్లు తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవడం ఇక్కడ వింత కాదు. అదే రాయకోట దాటి కృష్ణగిరి వైపు దిగేకొద్దీ నేల పల్లమవుతుంది, ఎండ ముందే తగులుతుంది. ఒకే జిల్లాలో పై ఊళ్లకూ కింది ఊళ్లకూ పూతలో, పిందెలో కొద్ది రోజుల తేడా ఉండడానికి కారణం ఈ ఎత్తే. మాఘం చివరికి పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి వణుకు పుడుతుంది. ఒకే రోజులో రెండు కాలాలు కనిపించే ఈ కొద్ది వారాలే ఇక్కడి అసలు వసంతం. మార్చి నడిమికల్లా మధ్యాహ్నపు వేడి 32 డిగ్రీలు దాటుతుంది, ఇక దాన్ని వసంతం అనడానికి నోరు రాదు.

ఎండలో చిగురు ఎందుకు?

వానలు లేవు. నేల పైపొర పొడిబారింది. చెరువు అంచులు పగుళ్లిచ్చాయి. సరిగ్గా ఇప్పుడే చెట్టు పాత ఆకంతా దులిపేసి కొత్త ఆకు తొడుక్కుంటుంది. ఐరోపాలో మంచు కరిగి నేల తడిశాక వచ్చే వసంతంతో పోలిస్తే ఇది తలకిందుల వ్యవహారంలా అనిపిస్తుంది. దీని వెనక మంచి లెక్క ఉంది.

పాత ఆకు నీటిని పట్టి ఉంచలేదు. అది రాలిపోతే ఆవిరై పోయే నీళ్లు మిగులుతాయి. లోతుకు దిగిన వేళ్లు అడుగు పొరల్లోని చెమ్మను పైకి తోడి కొమ్మలను నింపుతాయి. ఆ నీటి బలంతో మొగ్గ విచ్చుకుంటుంది. ఎప్పుడు విచ్చుకోవాలో చెప్పేది చాలా చెట్లకు పగటి పొడవు. ఈ అక్షాంశం మీద డిసెంబరు చివర పగలు 11 గంటల 20 నిమిషాలకు కొంచెం ఎక్కువ, జూన్ చివర 12 గంటల 50 నిమిషాల చుట్టూ. ఏడాది మొత్తం మీద తేడా గంటన్నరే. అంత చిన్న తేడాను మనిషి పట్టించుకోడు, చెట్టు పట్టించుకుంటుంది. మార్చి 20, 21 తేదీల్లో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గరపడే వేళకు ఎండు అడవుల్లోని ఎన్నో జాతులు కూడబలుక్కున్నట్టు చిగురిస్తాయి.

వానకంటే ముందే చిగురిస్తే వచ్చే లాభం ఇంకొకటి ఉంది. తొలకరి పడిందంటే ఆకు తినే పురుగులు పుట్టలు పుట్టలుగా పెరుగుతాయి. లేత ఆకు వాటికి వెన్నముద్ద. అప్పటికే ఆకు ముదిరి ఉంటే చెట్టు బతికిపోతుంది. నీలగిరుల పాదాన ఉన్న ముదుమలై అడవిలో కె.ఎస్. మురళి, రామన్ సుకుమార్ చేసిన అధ్యయనం 1993లో అచ్చయింది. వానలకు ముందే చిగురించిన చెట్లకు పురుగుల వల్ల నష్టం తక్కువని వాళ్లు చూపించారు. ముదుమలై ఎండు అడవికీ ఉద్దనపల్లి చుట్టుపక్కల ఉన్న దెంకణికోట, సానమావు అడవులకూ చుట్టరికం ఉంది కాబట్టి ఆ మాట ఇక్కడి మానులకూ వర్తిస్తుందనడానికి వెనకాడక్కర్లేదు. రావి, మామిడి, వేప లేతాకులు రాగిరంగులో ఉండడం కూడా ఒక రక్షణే. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం వల్ల వస్తుంది. పసరు ఇంకా నిండని ఆకును మండే ఎండ నుంచి అది కాపాడుతుంది.

వాకిట్లో మానులు

ఈ ప్రాంతంలో వసంతాన్ని చూడాలంటే ఒక్క కానుగను చూస్తే చాలంటాను. ఫిబ్రవరిలో ఆకంతా పసుపుబారి రాలుతుంది. మాను బోసిగా నిలబడేది కొద్ది రోజులే. ఆ తర్వాత ఒక వారంలో నూనె రాసినట్టు మెరిసే లేతపచ్చ ఆకు ఒళ్లంతా కమ్ముకుంటుంది. ఎండకు వెనక నుంచి చూస్తే ఆ పచ్చదనం దీపంలా వెలుగుతుంది. ఆ వెనకే లేత ఊదా, తెలుపు కలిసిన పూలు. పొద్దున చెట్టు కింద నేల మీద పేలాలు పోసినట్టుంటుంది. కానుగాకు పొలానికి పచ్చిరొట్ట ఎరువు, గింజ నూనె ఒకప్పుడు దీపానికి, పుళ్లకు మందు. రాలిన ఆకును దిబ్బలో వేసేవాళ్లు వేస్తారు, అంటించేవాళ్లు అంటిస్తారు. ఈ నెలల్లో సాయంత్రం పూట ఊరి మీద తేలే పొగ వాసన ఈ ఆకుదే. అంటించడం మానుకుంటే మంచిది. ఎండిన గట్ల మీద నిప్పు అడవి దాకా పాకడానికి ఎంతోసేపు పట్టదు.

వేప కొంచెం ఆలస్యం. మార్చిలో రాలి, రాగిరంగు చిగురు వేసి, ఉగాది వేళకు పూత పూస్తుంది. పచ్చడికి పువ్వు దొరకని ఉగాది ఇక్కడ అరుదు. దొరికినా పూత పల్చగా ఉంటే ఆ ఏడు కాలం అటూ ఇటూ అయిందని పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. రాలిన వేపపువ్వును చెట్టు కింద చీర పరిచి పట్టి, నీడలో ఎండబెట్టి, ఏడాదంతా చారులోకి దాచుకుంటారు.

ఊరి పొలిమేర దాటితే మోదుగ. ఆకు ఒక్కటీ లేని వంకర కొమ్మల మీద నిప్పు రంగు పూలు. పెరట్లో ఎవరూ పెంచని మాను ఇది. గుట్టల అంచున తనంతట తాను పెరుగుతుంది. ఒకప్పుడు దీని ఆకే విస్తరి. బూరుగ ఇంకా ముందే పూస్తుంది. దాని ఎర్రటి లావుపాటి పూలలో తేనె కోసం గోరువంకలు, కాకులు, ఉడతలు పోట్లాడుకుంటాయి. పూత కాలం వచ్చిందని ఆ గోలే చెబుతుంది. మునగ సంక్రాంతి నాటికే పూసి, ఇప్పుడు కాయ వేలాడదీస్తుంది. పనస మాను మొదట్లోనే ముళ్ల పిందెలు అంటుకుని ఉంటాయి. వాటిలో మగపూల కంకులు నల్లబడి రాలిపోతే పిల్లలు పిందెలు పాడైపోయాయని బెంగపడతారు. అవి రాలడమే సహజం. రేల, నేరేడు పూతలు ఉగాది తర్వాతి మాట.

మామిడి: పూత నుంచి పిందె దాకా

కృష్ణగిరి మామిడి జిల్లా. తోతాపురిని ఇక్కడ బెంగళూరా అంటారు. దానితో పాటు నీలం, సెందూర, బంగినపల్లి, అల్ఫాన్సో పండుతాయి. గుజ్జు తీసే కర్మాగారాలకు మన చిత్తూరు జిల్లా తర్వాత చెప్పుకునే పేరు కృష్ణగిరిదే. అందుకే ఇక్కడ ఇంటి ముందు నిలబడ్డ ఒక్క చెట్టు పూతను కూడా ఊరంతా పరీక్షగా చూస్తుంది. బతుకుతెరువు దాని మీదే ఉంది మరి.

పూత పుట్టాలంటే చలి కావాలి. డిసెంబరు, జనవరి నెలల చల్లని పొడి రాత్రులు చెట్టును ఆకు మాన్పించి పూత వైపు మళ్లిస్తాయి. ఆ రోజుల్లో వాన పడితే మొగ్గ పూతగా మారవలసింది ఆకుగా మారిపోతుంది. ఫిబ్రవరి నాటికి పూత గెలలు నిండుగా ఉంటాయి. ఒక్కో గెలలో వందలు, ఒక్కోసారి వేల పూలు. వాటిలో ఎక్కువ మగవి. కాయ కట్టగల పూలు కొన్నే, కట్టినా నిలిచేవి ఇంకా కొన్నే. పూత మొత్తం కాయ అయితే కొమ్మ విరుగుతుందని ఇక్కడి రైతు అనేది అక్షరాలా నిజం. పరాగం మోసేది ఎక్కువగా ఈగలు. చెట్టు కింద నిలబడితే వినిపించే సన్నటి జుమ్మనే రొద వాటిదే.

పూత మీద రెండు గండాలు. ఒకటి తేనెమంచు పురుగు. గోధుమరంగు చిన్న పురుగు పూతలోని రసం పీల్చి జిగట వదులుతుంది. చెట్టు కింద నడిస్తే కాళ్లకు అంటుకునేది అదే. ఆ జిగట మీద నల్లటి మసి పట్టి ఆకు మాడినట్టవుతుంది. రెండోది బూడిద తెగులు. రాత్రి చలి, పొద్దున మంచు, పగలు పొడి ఎండ ఉన్న రోజుల్లో ఇది పూత మీద తెల్ల పొడిలా పరుచుకుంటుంది. ఫాల్గుణంలో పొగమంచు దిగిందంటే పట్నంవాళ్లు ఫొటోలు తీస్తారు, తోట రైతు నిద్రపోడు. ఇవి దాటి బఠాణీ గింజంత పిందె నిలిస్తే, ఏప్రిల్, మే నెలల్లో పడే మామిడి జల్లులు దాన్ని పెంచుతాయి. అవి ఎగ్గొడితే ఏమవుతుందో 2024 వేసవి చూపించింది. వానలు లేక, ఎండ మండి, ఈ జిల్లా మామిడి దిగుబడి బాగా పడిపోయింది.

చింతపండు రోజులు

పెరటి వసంతాన్ని ముక్కుతో పట్టాలంటే చింతపండు వాసన పట్టాలి. కాయ మాఘంలో పండుతుంది. పచ్చి తోలు గోధుమరంగు తిరిగి, వేలితో నొక్కితే పెళుసుగా విరుగుతుంది. కొమ్మ ఊపితే లోపల గలగలమంటుంది. మానెక్కినవాళ్లు కొమ్మ దులుపుతారు, కిందివాళ్లు ఏరుతారు. తర్వాత పదిహేను ఇరవై రోజులు వాకిలంతా ఆడవాళ్లది. పెంకు కొట్టడం, ఈనె లాగడం, గింజ తీయడం, ఎండబెట్టడం, ఉప్పు చల్లి కుండకెత్తడం. పక్కింటి అవ్వలు, కోడళ్లు, బడి నుంచి వచ్చిన పిల్లలు అందరూ నీడపట్టున చేరతారు. ఆ నీడలో మూడు భాషలు ఒకే వాక్యంలో కలిసిపోతాయి. పెళ్లి సంబంధాలు కుదిరేదీ, పాత తగాదాలు తెగేదీ అక్కడే. ఇంటికి మిగలగా ఉన్నది కృష్ణగిరి వ్యాపారులకు చేరుతుంది. చింతపండు వ్యాపారంలో ఆ ఊరికి పేరుంది. పిల్లలకు మిగిలేవి చింతపిక్కలు: ఒక పక్క అరగదీసి పాచికలు చేసుకుంటారు.

కాయ దిగిన కొమ్మకే మార్చి చివర లేత చిగురు వస్తుంది. చింతచిగురు పప్పు, రాగిసంగటి ముద్ద. అనపకాయల కాలం సంక్రాంతి దాటి పలచబడినప్పటి నుంచి పొయ్యి మీద ఏమెక్కాలో తోచని ఇల్లాలికి ఇది వరం. పొద్దున వేడివేడిగా ఏదైనా తాగే అలవాటు పోయి అంబలి, మజ్జిగ చెంబులు బయటికి రావడం కూడా ఈ రోజుల్లోనే.

పిట్టలు, తేనెటీగలు

కోకిల వసంతంలో ఎక్కడి నుంచో వస్తుందని చాలామంది నమ్మకం. అది ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. చలికాలంలో నోరు మెదపదు, అంతే. ఫిబ్రవరిలో మొదట ఒకటి రెండు తడబాటు కూతలు, మార్చికి పూర్తి రాగం. కూసేది నల్లటి మగపిట్ట. చుక్కల గోధుమరంగు ఆడపిట్ట పదునుగా అరుస్తుందే తప్ప పాడదు. అది కాకి గూట్లో గుడ్డు పెడుతుంది కాబట్టి, కాకి గూడు కట్టడం మొదలయిందా లేదా అన్నది కోకిల బతుకుకు ముఖ్యం. దండెం మీద తీగ ముక్క, చీపురు పుల్ల, కంచె ముల్లు కాకి ఎత్తుకుపోతుంటే వసంతం నడుస్తోందని అర్థం.

కోకిలకంటే ముందు గొంతు విప్పేది కంసాలిపిట్ట. పిచ్చుకకంటే కొంచెం పెద్దది, పచ్చటి ఒళ్లు, నుదుట ఎర్రటి బొట్టు. రావి కొన మీద కూర్చుని ముక్కు తెరవకుండానే టుక్కు టుక్కు అంటుంది. నిమిషానికి వందకు పైగా దెబ్బలు, కంసాలి రేకు కొట్టినట్టు. పిట్టను చూసినవాళ్లు తక్కువ, ఆ చప్పుడు విననివాళ్లు లేరు. పెంకుటిళ్ల దూలాల సందుల్లో ఊరపిచ్చుకలు గడ్డి పోచలు మోస్తాయి. మిద్దెలు పెరిగిన వీధుల్లో వాటికి సందు లేదు. 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. గోడకు ఒక చిల్లికుండ కట్టడం దానికంటే ఎక్కువ మేలు.

తేనెటీగలకు ఇది పండగ. మామిడి, కానుగ, వేప ఒకదాని వెంట ఒకటి పూస్తాయి. తొర్రల్లో ఉండే చిన్న తేనెటీగ సంతతి పెరిగి గుంపు విడిపోతుంది. పాత రాణి సగం ఈగలతో కొత్త చోటు వెతుక్కుంటూ వచ్చి కొంతసేపు పెరటి కొమ్మకు ముద్దలా వేలాడుతుంది. అప్పుడు రాయి విసరకుండా ఉంటే అది సాధారణంగా ఎవరినీ కుట్టదు, కొంతసేపటికి వెళ్లిపోతుంది.

ఏనుగులు తిరుగుముఖం

చాలా ఊళ్లలో వసంత సూచనగా చెప్పుకోని సంగతి ఉద్దనపల్లికి ఒకటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో, రాగి కంకి పాలు పోసుకునే వేళకు, కర్ణాటకలోని బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల గుంపులు జవళగిరి, తళి, దెంకణికోట అడవుల మీదుగా వస్తాయి. సానమావు అడవిలో మకాం పెట్టి రాత్రిళ్లు ఉద్దనపల్లి, శూలగిరి వైపు పొలాల్లో పడతాయి. ఆ నాలుగు నెలలు రైతు మంచె మీదే పడుకుంటాడు. పైరు పోయినవాళ్లున్నారు, ప్రాణం పోయినవాళ్లున్నారు, కరెంటు తీగ తగిలి పోయిన ఏనుగులూ ఉన్నాయి. రాగి కోత ముగిసి, ఉలవ కూడా ఇంటికి చేరి, ఫిబ్రవరి, మార్చిలో గుంపులు వచ్చిన దారినే వెనక్కి మళ్లుతాయి. మగవాళ్లు మంచె దిగి ఇంటి వాకిట్లో నులక మంచం వాల్చుకున్న రాత్రి ఆ ఇంటికి చలికాలం నిజంగా ముగిసిన రాత్రి.

ఏనుగు వెనక్కి పోవడానికి దారి ఉండాలి. కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యాన్ని 2014లో, దక్షిణ అభయారణ్యాన్ని 2022లో ప్రకటించారు. అడవికీ అడవికీ నడుమ నేల మాత్రం రోడ్లతో, కంచెలతో, పరిశ్రమలతో ఇరుకవుతోంది. పారిశ్రామికవాడకు సాగుభూములు తీసుకోవద్దని ఉద్దనపల్లి చుట్టుపక్కల రైతులు 2023లో నిరసనకు కూర్చున్నారు. పైరుపచ్చలు పోతే పోయేది పంట మాత్రమే కాదు, పైన చెప్పిన సూచనలన్నీ పోతాయి.

చేసిపెట్టిన వసంతం

హోసూరు చుట్టూ పాలిథీన్ ఇళ్లలో గులాబీ తోటలున్నాయి. ఎర్రటి తాజ్‌మహల్ రకానికి పేరు. ఫిబ్రవరి 14 నాటి ప్రేమికుల రోజుకు విదేశాలకు పూలు పంపాలని, అంతకు ఆరేడు వారాల ముందే కొమ్మ కత్తిరించి పూత రోజును లెక్కకట్టి తెస్తారు. ఆ వారం బెంగళూరు విమానాశ్రయానికి పోయే బండ్లు పూలపెట్టెలతో నిండుతాయి. మార్చిలో, ఫాల్గుణ పున్నమి చుట్టూ, హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరస్వామి తేరు కదిలేటప్పుడు మాత్రం జనం చేతుల్లో ఉండేవి పెరటి పూలే.

తేదీ రాసుకోవడం

రుతువుల గుర్తులను ఏటా నమోదు చేయడం ప్రపంచంలో పాత పనే. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీల దాఖలాలు 9వ శతాబ్దం నుంచి ఉన్నాయి. 2021లో మార్చి 26న నిండుగా పూసి, అప్పటిదాకా ఉన్న 1200 ఏళ్ల లెక్కలో అతి తొందరపూతగా నిలిచింది. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో తన ఎస్టేటులో మొదటి పూలు, మొదటి ఆకు, పిట్టల రాక వంటి 27 సూచనలను రాయడం మొదలుపెట్టాడు. ఆయన వంశంవాళ్లు 1958 దాకా కొనసాగించారు. ఈ రోజు భూమి వేడెక్కుతున్న తీరును చెప్పడానికి శాస్త్రజ్ఞులు వాడే ఆధారాల్లో ఆ ఇంటి పుస్తకం ఒకటి. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం బడిపిల్లల చేత, ఇష్టమున్న ఎవరి చేతనైనా, ఒక చెట్టును ఎంచుకుని వారం వారం ఆకు, పూత, కాయ గమనింపజేస్తోంది. మామిడి, చింత, వేప అన్నీ దాని జాబితాలో ఉన్నాయి.

ఉద్దనపల్లికి అలాంటి పుస్తకం లేదు. ఉన్నది అవ్వల జ్ఞాపకం. మా చిన్నప్పుడు శివరాత్రికి ఇంత ఎండ లేదని వాళ్లంటే అది ఎంత నిజమో కొలిచే కాగితం మన చేతిలో లేకుండా పోయింది. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఈ ఏడు మీ వాకిట్లో కానుగ ఆకు రాలడం మొదలైన రోజు, కోకిల మొదటి కూత విన్న రోజు, వేపపువ్వు కనిపించిన రోజు, ఏనుగులు దాటిపోయాయని కబురొచ్చిన రోజు గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి. ఏడాది ముగిశాక ఆ క్యాలెండర్‌ను అటక మీద దాచండి.